థామ్సెన్‌లు తరిగిపోయిన ఊరు

వెర్నెర్ థామ్సెన్ ఉత్తరాలు పంచడం మొదలుపెట్టిన రోజుల్లో, సముద్రతీరపు ఊరైన వెస్టర్‌క్లిట్‌లో మూడిళ్ళకొకటి థామ్సెన్‌లదే. ఎప్పటివాడో ఒక థామస్ సంతానమట. ఒకరికొకరు ఏమవుతారో వాళ్ళకే తెలియదు. అందుకని ఇంటిపేరు కవరు మీద రాసుకోవడానికే, మనిషిని పిలిచేది తగిలించిన పేరుతో. కుంటి థామ్సెన్, పీపాల థామ్సెన్, ఇసుకదిబ్బ కారెన్, వలల కారెన్. అవన్నీ వెర్నెర్‌కు నాలుక చివరే ఉండేవి. "అడ్రసు సరిగ్గా లేకపోయినా ఏం పరవాలేదు, వెర్నెర్ ఉన్నాడుగా" అనేవారు జనం. ఆ మాట చెవిన పడ్డ రోజు ఎదురుగాలిలో కూడా సైకిలు తేలిగ్గా నడిచేది.

1958 నవంబరులో ఓడ కంపెనీ నుంచి టెలిగ్రాం వచ్చింది. "కారెన్ థామ్సెన్, వెస్టర్‌క్లిట్. మీ అబ్బాయి ఆక్సెల్ ఐస్‌లండ్ దగ్గర అల కొట్టి సముద్రంలో పడిపోయాడు. దొరకలేదు." అంతే.

పోస్టుమాస్టరు కళ్ళద్దాలు తీశాడు. "ఏ కారెనయ్యా? ఇద్దరి కొడుకులూ ఆక్సెల్‌లే కదా."

"వలల కారెనండీ. సముద్రం మీదున్నది వాళ్ళ ఆక్సెలే. ఇసుకదిబ్బ ఆక్సెల్ పట్నంలో ఇటుకబట్టీ దగ్గరే ఉండి పని చేస్తున్నాడు" అన్నాడు వెర్నెర్ తడుముకోకుండా.

కాగితం చదివి వలల కారెన్ గడపలోనే కూలబడింది. కబురు తెలిసి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది ఇసుకదిబ్బ కారెనే. మూడు రోజులు ఆ ఇల్లు వదల్లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకు కాఫీ కాచింది, రొట్టెలు కాల్చింది, ఆ తల్లి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

నాలుగో రోజు పొద్దున, చనిపోయాడనుకున్న ఆక్సెల్ భుజాన సంచీతో ఈల వేసుకుంటూ ఇంట్లోకి నడిచొచ్చాడు. అతని పడవ ఐస్‌లండ్ వైపు వెళ్ళనే లేదు. ఇల్లంతా కేకలు, ఏడుపులు, నవ్వులు. వీధిలో వెర్నెర్ ఆ గోల విని సంగతి కనుక్కున్నాడు. సైకిలు వెనక్కి తిప్పి పోస్టాఫీసుకు వెళ్ళి కంపెనీకి ఫోను చేయించాడు. పోయినవాడి పుట్టినతేదీ చెప్పారు. అది ఇసుకదిబ్బ కారెన్ కొడుకుది. తల్లి వద్దంటుందని ఆమెకు చెప్పకుండానే బట్టీ పని మానేసి, రెండు వారాల క్రితం ఓడెక్కాడట.

వెర్నెర్ తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా ఆ వంటింట్లోనే ఉంది. ఏప్రాన్‌తో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"రారా వెర్నెర్! తప్పుడు కబురు మోసుకొచ్చి మమ్మల్ని చంపేశావు కదరా! ఇంద, కేకు తిను."

"అత్తా, ఒకసారి బయటికి రా."

"ఏంట్రా ఆ మొహం? ఇక్కడే చెప్పు."

"కబురు తప్పు కాదత్తా. నేనే ఇల్లు తప్పాను."

ఆమె చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"మూడు రోజులు," అంది. "మూడు రోజులు నా బిడ్డ పోతే పక్కింటి బిడ్డ పోయాడని ఏడ్చాను. లోపల్లోపల దేవుడికి దండం కూడా పెట్టుకున్నానురా, మావాడు కానందుకు."

ఆమె కోటు కూడా వేసుకోకుండా దిబ్బ ఎక్కి వెళ్ళిపోయింది.

ఏడాది తిరక్కుండానే ఆమె పెద్దకూతురు ఇంగెర్, ఊళ్ళో పేర్లు నమోదు చేసే చర్చి కార్యాలయంలో దరఖాస్తు పెట్టి ఇంటిపేరు క్లిట్‌గోర్ అని మార్చుకుంది. "ఈ పేరు మూలానే కదా మా అమ్మకు ఇలా అయింది" అంది అందరి ముందూ. తమ్ముళ్ళూ ఆ పేరే పెట్టుకున్నారు. తరవాత ఊళ్ళో ఒక్కొక్కరూ అమ్మమ్మల ఇంటిపేర్లో, పొలాల పేర్లో వెతుక్కున్నారు. థామ్సెనంటే పట్నంలో ఎవరికీ గుర్తుండదట. ఆ పేరుమార్పు కాగితాలన్నీ వెర్నెర్ సంచీలోనే వచ్చాయి. అతని కూతురు లిస్‌కు వచ్చిన కాగితం కూడా.

"నీ మీద కోపంతో కాదు నాన్నా. మా ఆఫీసులో లిస్ థామ్సెన్‌లం నలుగురం."

"సరేనమ్మా, నీ ఇష్టం" అని కవరు చేతికిచ్చి మిగతా ఇళ్ళకు వెళ్ళిపోయాడు. ఆ పూట రెండు ఉత్తరాలు పంచకుండానే ఇంటికి తిరిగొచ్చాడు.

అతను పని మానేసేనాటికి ఒక తలుపు మీది పేరు ఇంకో తలుపు మీద లేదు. కొత్తగా వచ్చిన పోస్టమ్మాయి రెండో రోజుకే ఊరంతా నేర్చేసుకుంది. వెర్నెర్‌ను ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇసుకదిబ్బ కారెన్ మాత్రం పేరు మార్చుకోలేదు. ముప్పై ఏళ్ళు అతని చేతి నుంచి ఉత్తరాలు తీసుకుంది, ఒక్క మాటా మాట్లాడలేదు. చూపు పోయి ఆమె వృద్ధాశ్రమంలో చేరాక, ఒక మధ్యాహ్నం వెర్నెర్ ధైర్యం చేసి వెళ్ళాడు. ఏం మాట్లాడాలో తోచక బల్ల మీది టెలిఫోన్ పుస్తకం తిరగేశాడు.

"ఏం చూస్తున్నావు?" అంది కారెన్.

"మనవాళ్ళు ఎంతమంది మిగిలారా అని. నాలుగే పేర్లత్తా."

"చదువు."

"థామ్సెన్ ఆక్సెల్, జాలరి" అని చదివి నాలుక కరుచుకున్నాడు. వలల కారెన్ కొడుకు. అక్షరాల వరసలో అతని పేరే ముందు.

ఆమె మొహం అటు తిప్పుకుంది. "ఇంకోసారి చదువు."

చదివాడు.

"ఇక వెళ్ళు వెర్నెర్."

మార్చిలో ఆమె పోయింది. వెర్నెర్ చర్చిలో చివరి బల్ల మీద కూర్చున్నాడు. పాస్టరు కుటుంబంలో వాళ్ళ పేర్లు పిల్లలు, మనవలతో సహా వరసగా చదివాడు. వాటిలో థామ్సెన్ అన్నది శవపెట్టెలో ఉన్న మనిషి ఒక్కతే.