సిద్ధయ్య పెట్టిన గాటు

మిరుదొడ్డి పక్క పల్లెలో కట్టె కొట్టేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. చెట్టుకు మొదటి గాటు ఎవరు పెడితే వాళ్లే దాన్ని కొట్టాలి. వాళ్లు తోడు పిలిస్తే తప్ప ఇంకొకడు ముట్టడు. కాగితం మీద రాసుకున్నది కాదు గానీ, అన్నదమ్ములు కూడా ఆ మాట తప్పింది లేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయి. ఆ బొగ్గు కోసం గుట్టంతా నరకమని దొర హుకుం వేశాడు. వెట్టి పని, కూలి ఊసే లేదు. రానన్నవాడికి దొర ఉండే గడీ ముందు కొరడా. చెట్టూ పేదోడిదే, చెమటా పేదోడిదే, బొగ్గు మాత్రం దొరది! ఇదేం న్యాయమో.

ఆ గుట్ట మీదే, కట్టె కొట్టే సిద్ధయ్య ఇంటిని సాకే ఇప్పచెట్టు ఉంది. ఎండాకాలం జొన్నలు నిండుకున్నాక, భార్య బాలవ్వ ఇప్పపూలు ఉడకేసి ఆరు నోళ్లకు పెట్టేది. అందుకే పని మొదలైన రోజు సిద్ధయ్య అందరికంటే ముందు గుట్టెక్కి, దాని మొదలు మీద గాటు పెట్టాడు.

"ఇగ మన చెట్టును ఎవ్వడు ముట్టడు" అని బాలవ్వతో మురిసిపోతూ చెప్పాడు.

నిజంగానే ఎవరూ ముట్టలేదు. పదిహేను రోజులకు గుట్ట బోడిదైంది. ఇప్పచెట్టు ఒక్కటే నిండా మొగ్గలతో, ఊళ్లోకి కనబడేలా మిగిలింది. పని చూసే దొర మనిషి రాజమల్లయ్య కంట్లో పడనే పడింది.

"గిదెందుకు మిగిలింది? కొట్టు" అన్నాడు దగ్గర్లో కట్టె కొడుతున్న నాగేశంతో.

నాగేశం వెనక్కి జరిగాడు. "నేను ముట్ట అయ్యా. గాటు సిద్ధయ్యది." పాపం, చెట్టు దక్కుతుందనే అన్నాడు.

"అట్లనా? గాటు పెట్టినోడే కొట్టాలె గదా. కొట్టు సిద్ధయ్యా" అన్నాడు రాజమల్లయ్య, అక్కడే ఉన్న సిద్ధయ్య వైపు తిరిగి.

సిద్ధయ్యకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. గాటు నాది కాదంటే నాగేశం కొట్టక తప్పదు. నాదంటే తానే కొట్టాలి. కొట్టనంటే కొరడా, ఆపైన ఇంకొకడెవడో కొడతాడు. ఎటు తిరిగినా చెట్టు దక్కదు. ఏడుస్తూనే గొడ్డలి ఎత్తాడు.

గంప పట్టుకుని వచ్చిన బాలవ్వ, కిందపడ్డ కొమ్మల మధ్య కూలబడి పచ్చి మొగ్గలు చేత్తో తడిమింది.

"పది దినాలు ఆగితే పూస్తుండె" అంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు సిద్ధయ్య కట్టె కొట్టాడు. మొదటి గాటు మాత్రం ఎప్పుడూ ఇంకొకరినే పెట్టమని, తాను వాళ్లకు తోడుగా కొట్టేవాడు.