ఎనిమిది చోట్లా ఒకే లోతు

ఆ రోజుల్లో, అంటే యాభైల నడిమధ్యలో, ప్రతి పనికీ ఒక జాబితా ఉంటుందని, దాన్ని సరిగ్గా రాసుకున్నవాడికి పొరపాటు జరగదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇంజనీరింగు డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు తిరిగే ఒక ప్రైవేటు బస్సు యజమాని నన్ను నెల రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటానని సూపర్‌వైజరుగా పెట్టుకున్నాడు. (నేను సూపర్‌వైజు చేయడానికి ఉన్నది ఒకే బస్సు.) ఊరందరూ మామ అని పిలిచే డ్రైవరు మొదటి వారంలోనే నాకు ‘పట్టీ సారు’ అని పేరు పెట్టాడు. నేను రాసే జాబితాలూ పట్టీలే, ట్యూబుకు వేసే అతుకూ పట్టీయే. మామ ఏ అర్థంలో అన్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

శ్రావణమాసం దగ్గర పడింది. ఉరుకుందలో ఈరన్న గుడికి జనం బస్సులెక్కి పోయే నెల అది. ఆ ట్రిప్పులు వేయాలంటే ముందు బ్రేకు ఇన్‌స్పెక్టరు బస్సును చూసి సరేననాలి. మా బస్సు ముందు ఎడమ టైరు నున్నగా అరిగిపోయింది. “ఉరుకుందకు పోయినోళ్లు ఆడ గుండు కొట్టించుకుంటారు, మన టైరు ఈడనే కొట్టించుకునింది. పోప్పా, సదువుకున్నోనివి, మంచిది సూసి తీసుకురా,” అన్నాడు యజమాని. కొత్త టైరు దొరకడం గగనం కాబట్టి వాడిన టైర్లు అమ్మే దుకాణానికి ఎమ్మిగనూరు బయలుదేరాను, జేబులో స్కేలు, పెన్సిలు, ఏడు అంశాల జాబితాతో.

సైజు కుడి టైరుతో కలవాలి, కలిసింది. పక్కలు పగలకూడదు, పగల్లేదు. లోపలి గుడ్డ పోగులు పైకి తేలకూడదు, తేలలేదు. (లోపల చెయ్యి పెట్టి తడమాలన్నది జాబితాలో లేదు, కనుక తడమలేదు.) చివరి అంశం గాడి లోతు. ఎనిమిది చోట్ల స్కేలు పెట్టి కొలిచాను. ఎనిమిది చోట్లా ఒకే లోతు. అంత క్రమశిక్షణ గల టైరును నేను అంతవరకు చూడలేదు. “సారుకు అన్నీ తెలుసు, నేను సెప్పేదేముంది,” అన్నాడు దుకాణదారు. అది పొగడ్త అనుకున్నాను.

తనిఖీ రోజు పొద్దున ఆదోని స్టాండులో టైరు బిగించి బస్సు నిలబెట్టాం. పక్కనే కూర్చుని పాత టైర్లతో చెప్పులు కుట్టే పెద్దాయన లేచి వచ్చి, గాడిలో బొటనవేలు పెట్టి చుట్టూ జరిపాడు.

“ఈ గీతలు నావే గదప్పా,” అన్నాడు.

నేను వంగి ఆ గాడి వైపే చూశాను.

“పోయిన నెల సంతకు పోయింటే ఎమ్మిగనూరులో ఒకాయప్ప గుండు టైరు ఇచ్చి, ఎద్దులబండికి ఏస్తాము, బురదలో జారకుండా గీతలు కొయ్యి అన్నాడు. కత్తితో కోసినాను. అడుగున గుడ్డే ఉండాది. దీన్ని బస్సుకు ఏసినారా?”

“నేను ఎనిమిది చోట్ల కొలిచాను. అన్ని చోట్లా సమంగా ఉంది,” అన్నాను.

“నా కత్తి అట్లా పోతాది. తిరిగిన టైరు యాడన్నా సమంగా అరుగుతాదా సారూ?”

అంతలోనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చుట్టూ తిరిగి, సరిగ్గా ఆ టైరు దగ్గర ఆగి, “ఇది బాగుందే, ఎవరు కొన్నారు?” అన్నాడు. “మా ఇంజినీరు,” అన్నాడు యజమాని. ఆయన నన్ను ఇంజినీరు అనడం అదే మొదటిసారి. నెల నిండడానికి ఇంకా ఆరు రోజులున్నాయి. నేను నోరు మూసుకుంటే చాలు, ఉద్యోగం నాది. కానీ పైకప్పు మీద కూడా జనంతో, నల్లరేగడి దారిలో, కత్తితో కోసిన ఆ టైరు మీద ఉరుకుంద పోయే బస్సు కళ్ల ముందు కదిలింది.

“సార్, ఈ టైరుతో బస్సు పోకూడదు. నేను మోసపోయి తెచ్చాను,” అన్నాను.

యజమాని నన్ను పక్కకు లాగి, “నువ్వు నా పక్క ఉండావా, ఆయప్ప పక్క ఉండావా?” అన్నాడు.

“ఆ టైరు మింద కూసునేది నేను గదన్నా. నా పక్క ఉండాడు,” అని మామ బస్సు పైకెక్కి స్టెప్నీ దించాడు. ఒక పక్క కాస్త ఎక్కువ అరిగిన టైరు అది. “ముసల్దే గానీ లోపల గట్టిది. పట్టీ సారు దీన్ని కొలవనే లేదు.” నిజమే, ఎగుడుదిగుడుగా ఉందని దాన్ని నేను మొదటి రోజే పనికిరాదని జాబితాలోంచి కొట్టేశాను. ఇన్‌స్పెక్టరు లోపల చెయ్యి పెట్టి తడిమి, బిగించమన్నాడు. బస్సు పాసైంది. యజమాని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, “రేపు ఉరుకుంద ట్రిప్పుకు తొందరగా రా,” అన్నాడు. నన్ను ఉంచుకున్నట్టని మామ అర్థం చెప్పాడు.

ఆ టైరు పెద్దాయన చేతిలో చెప్పులైంది. మొదటి జత నాకే. నా పాదాన్ని ఆయన కంటితోనే కొలిచాడు, సరిగ్గా సరిపోయింది. వాన పడ్డాక ఆదోని వీధుల్లో నడిస్తే నా వెనక టైరు గాడుల గుర్తులు పడేవి. మామ వాటిని చూసి, “మన బస్సు ఇట్లనే పోయిండాది,” అని అందరికీ చూపించేవాడు.

ఇప్పటికీ టైరు కొనడానికి పోతే జేబులో జాబితా ఉంటుంది. అంశాలు పద్నాలుగయ్యాయి, మొదటిది మాత్రం ‘బొటనవేలు’. దుకాణంలో వాళ్లు నవ్వుతారు. నేను గాడిలో వేలు పెట్టి చుట్టూ జరుపుతాను. ఎక్కడైనా కాస్త హెచ్చుతగ్గు తగిలితే ప్రాణం కుదుటపడుతుంది.