అమాక్ సహ్నూన్ దుప్పటి

మా అన్నయ్యకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. రింజాని కొండెక్కే దారిలో, అడవి గేటు పక్కనే నా కాఫీ కొట్టు. కొండ దిగి వచ్చిన ప్రతిసారీ కావడి అక్కడే దించుతాడు, కాఫీ అడుగుతాడు. గ్లాసు చేతికివ్వగానే తాగుతాడా? తాగడు. ముందు వాసన చూస్తాడు.

"కాఫీపొడిలో వేయించిన బియ్యప్పిండి ఎక్కువ కలిపావు కదే?"

"సొంత చెల్లెలి కొట్టు ఇది. విషం కలిపి చంపుతానా నిన్ను?"

"సొంతవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి" అంటాడు. ఒళ్లు మండిపోయేది నాకు.

పాతికేళ్లుగా ఆయన పని ఇదే. కొండెక్కడానికి వచ్చినవాళ్ల గుడారాలూ గిన్నెలూ బియ్యమూ కావడిలో వేసుకుని, రబ్బరు చెప్పులతో అగ్నిపర్వతం నోటి అంచుదాకా ఎక్కడం, అటు లోపలున్న సెగరా అనాక్ చెరువుకు దిగడం, మళ్లీ శిఖరం కిందిదాకా మోయడం. మబ్బును నమ్మడు, వాగును నమ్మడు. అంచు మీది కోతులనైతే అసలే నమ్మడు. అన్నం కుండను తాడుతో తన కాలికి కట్టుకుని పడుకుంటాడు. ఒకసారి కోతి కుండ లాగితే కుండతోపాటు ఈయన కూడా జారాడు. అయినా తాడు విప్పలేదు, మహానుభావుడు! తియూ కెలెప్ జలపాతం వెనక స్నానం చేస్తే ఏడాది వయసు తగ్గుతుందని మా వాళ్లంతా అంటారు. ఈయన ఒప్పుకోడు. "అయితే అక్కడి కప్పలన్నీ ఇంకా గుడ్లలోనే ఉండాలి కదా" అంటాడు.

మా వాడలో తొలిబిడ్డ పుట్టగానే తండ్రి పేరు పోతుంది. అమాక్ సహ్నూన్ అంటే సహ్నూన్ వాళ్ల నాన్న అని. అన్నయ్య అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. వదిన పోయాక ఆయనకు మిగిలింది కూడా ఆ పిల్లే. ఇరవై మూడేళ్లొచ్చాయి. పిల్ల వెళ్లిపోతే ఆ ఇంట్లో పొయ్యి ముందు ఒక్కడే కూర్చోవాలి. ఆయన భయమంతా అదే, పైకి మాత్రం చెప్పడు.

మాలో పిల్లను అడిగి చేసుకోరు. ఎవడైనా ఇంటికొచ్చి మీ అమ్మాయినివ్వండి అంటే, కోడిపెట్టను బేరమాడతావట్రా అని తరిమికొడతారు. పిల్లకు ఇష్టమైతే చీకటి పడ్డాక ఎత్తుకెళ్లాలి, బంధువుల ఇంట్లో దాచాలి, తర్వాత పెద్దమనిషి వచ్చి తండ్రికి కబురు చెప్పాలి. అప్పుడు తండ్రి నలుగురిలో అరవాలి. అరవకపోతే పిల్లను వదిలించుకున్నాడంటారు.

ఎవడు ఎత్తుకెళ్తాడా అని వెతికే అన్నయ్య చూపు మా ఆయన తమ్ముడి కొడుకు జుమాదిల్ మీద పడింది. వాడూ కావడి మోసేవాడే. కుర్రాడు మంచివాడు, కాకపోతే సహ్నూన్ కనిపిస్తే చాలు, ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనిపించదు వాడికి.

అప్పటి నుంచి అన్నయ్య ఎక్కడికెళ్లినా వాణ్ని వెంటపెట్టుకుని కొండెక్కడం మొదలుపెట్టాడు. "కళ్లముందుంటే ఏం చేస్తాడు?" అని మీసం తిప్పాడు. నాకు నవ్వాగలేదు. పిల్లను తీసుకెళ్లడానికి పెళ్లికొడుకే రానక్కర్లేదు, వాళ్ల వైపు ఆడమనిషి వెళ్లి వెంటబెట్టుకొచ్చినా చెల్లుతుంది. ఈ సంగతి అన్నయ్య మరిచిపోయాడనుకున్నాను. సహ్నూన్ నా చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా. "అత్తయ్యా, నాన్న ఇలాగే కాపలా కాస్తే నేను ముసలిదాన్నవుతాను."

సరే, పాపమో పుణ్యమో, నేనే తీసుకెళ్తానని ఒప్పుకున్నాను.

చెరువు దాకా వెళ్లే గుంపు వచ్చిన రోజు అన్నయ్య కొట్టు దగ్గర ఆగాడు. "పిల్లను నీ ఇంట్లో పడుకోబెట్టుకో. గడియ వెయ్యి" అన్నాడు, నా మొహంలోకే చూస్తూ. మాట మారుద్దామని కావడి వైపు చూశాను.

"నీ దుప్పటేదీ? చెరువు దగ్గర గడ్డకట్టుకుపోతావు."

"బరువు" అన్నాడు.

ఊరందరి పొయ్యిలూ మోసేవాడికి దుప్పటి బరువా? ఈ మనిషికి మతి పోతోందనుకున్నాను.

మర్నాడు చీకటి పడగానే సహ్నూన్‌ను వాగు పక్కనున్న మా ఆడపడుచు ఇంటికి తీసుకెళ్లాను. పిల్ల చంకలో వాళ్ల నాన్న దుప్పటి చుట్ట. "ఆ పొగకంపు ఎందుకే తల్లీ?" అన్నాను. దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

అన్నయ్య దిగొచ్చేసరికి కొట్టు దగ్గర పెద్దమనిషి కాచుకుని ఉన్నాడు. వెనకాల జుమాదిల్ కుంటుతూ వచ్చాడు.

"ఏమైందిరా కాలికి?"

"మీ అన్నయ్యే పెద్దమ్మా! దుప్పటి లేదని నా దాంట్లో దూరాడు. దూరి, నేను పారిపోతానని నా కాలు తన కాలికి కట్టేసుకున్నాడు. కోతుల భయానికి కుండకు కట్టే తాడుతోనే!"

కావళ్లవాళ్లంతా పడీపడీ నవ్వారు. పెద్దమనిషి గొంతు సవరించుకుని కబురు చెప్పాడు. నవ్వులాగిపోయాయి.

అన్నయ్య ఖాళీ బుట్టను ఒక్క తన్ను తన్నాడు. "దొంగవెధవా! నా పక్కన పడుకుని నా ఇంటికే కన్నం వేస్తావా! ఇది మీ వంశంలోనే ఉందిరా!" అని అడవి అదిరేలా అరిచాడు. జుమాదిల్ తలవంచుకుని అన్నీ పడ్డాడు. అందరూ తృప్తిగా విన్నారు. తర్వాత పెద్దమనిషి వాణ్ని తీసుకెళ్లిపోయాడు, మిగతావాళ్లు కూడా ఎవరి దారిన వాళ్లు పోయారు.

నేను కాఫీ పోశాను. ఇక నా వంతు తిట్లు అనుకున్నాను. అన్నయ్య బల్ల మీద కూలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ ఆడపడుచు ఇల్లు వాగు పక్కన. చలెక్కువ. నా దుప్పటి మడిచి పిల్ల చాప మీద పెట్టొచ్చాను. తీసుకెళ్లిందా?"

అంటే నన్ను మొదటి నుంచీ అనుమానించాడన్నమాట. అనుమానించే పిల్లను నా చేతికిచ్చి వెళ్లాడు.

"తీసుకెళ్లింది అన్నయ్యా" అన్నాను ఎలాగో.

తలూపాడు. గ్లాసు ఎత్తి, వాసన చూడకుండానే గుటకేశాడు. ఒక్కసారి వాసన చూడు అన్నయ్యా, నన్ను తిట్టు అన్నయ్యా అని బతిమాలాలనిపించింది.