చలి గ్రహం గురించి రాయించిన సారు

"మన సైన్సు సారు చనిపోయినాడంట మే" అని ఆళ్లగడ్డ నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. నేనప్పుడు గోస్పాడు బడిలో పిల్లోళ్లను మధ్యాహ్న భోజనానికి వరస నిలబెడతాండా. "అయ్యో" అన్నా. ఆ మాట అనే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో రాస్తాండా, చదివి మీరు తిట్టినా పడతా.

నేను పదో తరగతి చదివింది ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో. సారు ఎంత ఉక్కపోతలోనైనా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకొనే వచ్చేవాడు. సుద్దముక్క అరిగి గోరంత అయ్యేదాకా పారేసేవాడు కాదు. వారంలో పాఠాలన్నీ అయినాక, శనివారం ఆఖరి పీరియడ్‌లో మాత్రం పుస్తకాలు మూయించేవాడు.

ఒక శనివారం పేపర్లో చదివిన ముచ్చట చెప్పినాడు. యాడో దూరాన ఒక నక్షత్రం, దాని చుట్టూ తిరిగే ఒక గ్రహం. ఆ నక్షత్రం మన సూర్యుడంత కాయదంట, ఆడ మిట్టమధ్యాహ్నం కూడా మన మబ్బుదినం మాదిరే ఉంటుందంట. ఒట్టి చలి. దాన్ని ఎవురూ కండ్లతో చూడలేదు. "మీరు పోయి చూసొచ్చినట్టు రాయండి. మన మండలం వివరాలు రాస్తారే, అట్ల. నీళ్లు, గాలి, పంటలు, జనం" అన్నాడు.

పంటల కాడ నేను వరి, శనగ అని రాసినా. సారు చదివి పడీపడీ నవ్వినాడు. "ఏమ్మా, ఆడ నీళ్లే బండ మాదిరి గడ్డకట్టి ఉంటే నాట్లు యాడ ఏస్తావ్? గడ్డపారతో గుంత తీసి ఏస్తావా?" క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వినా. జనం కాడ ఏం రాయల్లో తోచక పెన్ను కొరుకుతాంటే పక్కనొచ్చి నిలబడి, "తెలీకపోతే తెలీదనే రాయి తల్లీ. దానికి సిగ్గుపడాకు. తెలిసినట్టు రాస్తే సిగ్గుపడల్ల" అన్నాడు.

క్వార్టర్లీ పరీక్షల్లో నాకు సైన్సు మార్కులు అడుక్కి పోయినాయి. చదవలేదు, అంతే. మా చిన్నాయన పెండ్లిలో చిందులేసి వచ్చి పరీక్ష రాసినా. "ఏందీ మార్కులు?" అని నాయన నోట్సు తిరగేస్తే ఆ చలి గ్రహం బయటపడింది. భయానికి నోట్లోంచి ఊడిపడింది. "సారు పాఠాలు చెప్పడు నాయనా. రోజూ ఇవే రాయిస్తాడు."

నాయన ఆ నోట్సు పట్టుకొని నేరుగా బడి నడిపే కరస్పాండెంటు కాడికి పోయినాడు. మరుసటి దినం నన్ను ఆఫీసు రూములోకి పిలిచినారు. సారు ఆడ్నే నిలబడి ఉండాడు. కుర్చీ ఖాళీగానే ఉంది, కూచోమనలేదు.

"నిజం చెప్పు పాపా, రోజూ ఇదేనా?" అని కరస్పాండెంటు అడిగినాడు.

తలకాయ ఊపినా. సారు నా పక్కకు తిరిగి చూసినాడు, అంతే. ఆడ్నే నన్ను చెంప పగలగొట్టింటే ఈ పొద్దు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ నెలలోనే ఆయన్ను మాన్పించినారు. పాఠాలు చెప్పడనే పేరు ఆయన కంటే ముందు పోయేది, మళ్లీ ఏ బడీ తీసుకోలేదు. నంద్యాలకొచ్చి ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకున్నాడు. నేనేమో సైన్సు టీచరునైనా. నేనుండేదీ నంద్యాలే, ఆయన ఇల్లు తెలుసు, ఒక్కసారి పోలేదు. ఒకసారి బస్టాండులో ఆయనే ఎదురొచ్చి "టీచరైనావంట గదా, సంతోషం" అన్నాడు. తప్పు ఒప్పుకుందామని నోరు తెరిసినా. అంతలో బనగానపల్లె బస్సొస్తే ఎక్కి పోయినాడు.

మొన్న సారు జ్ఞాపకంగా చర్చిలో ఆదరణ కూడిక పెట్టినారు. ఆ కరస్పాండెంటు కూడా వచ్చి, "మా బడికి ఆణిముత్యం" అని మైకులో చెప్పినాడు. ఒళ్లు మండింది. పాస్టరు గారు "సారు కాడ చదువుకున్నోళ్లు ఎవరన్నా మాట్లాడండి" అంటే లేచినా. చలి గ్రహం గురించి చెప్పినా, గడ్డపార మాట చెప్పినా. జనం ఏడుస్తానే నవ్వినారు. ఆఫీసు రూము మాట మాత్రం చెప్పకుండానే కూచున్నా. ఇంక ఆ కరస్పాండెంటుకీ నాకూ తేడా ఏముంది?

బయటికొచ్చినాక సారు భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. "పాఠాలు చెప్పడని ఎవురో ఆడపిల్ల చెప్పిందంటమ్మా. ఎవురని నేనెంత అడిగినా ఆయన పోయేదాకా పేరు చెప్పల్యా. ఈ పొద్దు నువ్వు అందరి ముందరా మాట్లాడినావు. ఆయన మచ్చ కడిగినావు తల్లీ."

నేను ఆటో ఎక్కినా. ఆమె చెప్పుల్లేకుండానే గేటు దాటి ఎండలోకొచ్చింది. ఆటో మలుపు తిరిగేదాకా నాకు చెయ్యి ఊపుతానే ఉంది.