మారెత్ కత్తి పిడి

మారెత్ కుడిచేతి బొటనవేలు ఉచ్చుతాడుకు బలైపోయింది. పొగరుబోతు మగ రెయిన్‌డీర్ ఒకటి, ఉచ్చు మెడలో పడగానే ఎగిరి ఉరికింది. తాడు వేలికి చుట్టుకుంది, అంతే. మా వైపు మందలు కాసేవాళ్లలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వేలు పోయిందని ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు మారెత్. కానీ కత్తి చేతిలో నిలవకపోయేసరికి మాత్రం కుంగిపోయింది.

వేసవిలో, ఏది ఎవరిదో తెలిసేలా రెయిన్‌డీర్ పిల్లల చెవులకు గుర్తు కోయాలి. ఎవరి గుర్తు వాళ్లది. మారెత్‌ గుర్తు నాయనమ్మ ఇచ్చింది: ఎడమ చెవికి చీలిక, కుడి చెవి అంచున రెండు గాట్లు. ఎడమచేత్తో కోద్దామంటే, బొటనవేలు లేని కుడిచేత్తో చెవి పట్టు దొరకదు. అందుకని ఆ ఏడు ఆమె చిన్నాన్న కొడుకు ఆంతె కోశాడు. మంచివాడే, కానీ చేతికి తొందరెక్కువ. ఒక పిల్లకు గాటు ఎక్కువ పడి, అది కాస్తా పక్క మందవాళ్ల గుర్తయి కూర్చుంది. మారెత్ ఆ పిల్లను వాళ్లకు అప్పగించింది.

"పోనీలే అక్కా, ఒక్క పిల్లే కదా! ఇకనుంచి నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని మాకింత కాఫీ కాచిపెట్టు. కోతలు నేను చూసుకుంటా," అన్నాడు ఆంతె.

మారెత్‌కు ఒళ్లు మండిపోయింది.

"వచ్చే వేసవికి నా పిల్లల్ని నేనే కోస్తా. కోయలేకపోయానా, మందంతా నువ్వే తీసేసుకో!"

ఆ మాట దొడ్డి చుట్టూ ఉన్న నలుగురూ విన్నారు. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

చలికాలపు సంతలో కమ్మరి హెయ్కా ముందు కూర్చుంది. ముసలాయన దగ్గర లేని కత్తి లేదు. చెక్కుడు పని చేసిన కొమ్ముపిడులు, వెండి పొన్నులు. పట్నం నుంచి వచ్చినవాళ్లు వాటిని చూసి మురిసిపోతుంటారు, కొని గోడకు తగిలించుకుంటారు.

"ఇది తీసుకో అమ్మాయ్. నడుముకు కట్టుకుంటే దొరసానిలా ఉంటావు."

"నడుముకు కాదు మామా, నాకు చేతికి కావాలి."

ఒక్కో కత్తినీ నాలుగు వేళ్లతో బిగించి పట్టుకుని విదిలించింది. అన్నీ జారిపోయాయి. వెండిపొన్ను కత్తయితే హెయ్కా కాలి మీదే పడబోయింది. కట్టెలు నరికే పెద్దకత్తులూ ఉన్నాయి కానీ, అలాంటిది ఇంట్లో ఉంది కాబట్టి వాటిని ముట్టుకోలేదు. చివరికి పిడి బిగించని అలుగు ఒకటి ఏరుకుంది. చిటికెన వేలంత పొడవు, పల్చటి అంచు.

"మరి పిడి?"

"నేను చేసుకుంటా."

ఆ చలికాలమంతా ఎడమచేత్తో బిర్చి చెట్టు చెక్కను పిడులుగా చెక్కింది. పిడి తయారైనప్పుడల్లా అలుగుకు బిగించి, కుడిచేత్తో పట్టి దానికి పనులు పెట్టింది. రొట్టె కోసింది, ఎండుమాంసం సీవింది, పొయ్యిలోకి పుల్లలు చీల్చింది, మంచుకింద పట్టిన చేపల్ని తడిచేతులతోనే చీరింది. ఒక్కసారి జారిందా, అలుగు ఊడబీకి పిడిని పొయ్యిలో పడేసేది. ఆఖరికి నిలిచింది చూడటానికి పరమ అనాకారి. అరచేతి దగ్గర ఉబ్బి, బొటనవేలు ఉండాల్సిన చోటికి ఒక బొడిపె పొడుచుకొచ్చి, వంకర దుంపలా ఉంది. కానీ తడిచేతిలోనూ కదల్లేదు.

వేసవిలో దొడ్డి నిండింది. ఆంతె మొదటి పిల్లను పట్టి తెచ్చాడు. మారెత్ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో చెవి మడిచింది.

"అక్కా, పోనీ నేను..."

"నోరు మూసుకుని కాళ్లు పట్టుకో."

చీలిక పడింది. గాటు, ఇంకో గాటు. నాయనమ్మ కోసినంత శుభ్రంగా వచ్చింది. పిల్ల గింజుకుని తల్లి దగ్గరికి పరుగెత్తింది. చెవిముక్కల్ని లెక్క కోసం దారానికి గుచ్చుతూ మారెత్ పైకే నవ్వేసింది. అంత సంతోషం ఆమెకు ఎన్నాళ్ల తర్వాతో. ఇక ఆగలేదు. పిల్ల వెంట పిల్ల తెమ్మని ఆంతెను పరుగులు పెట్టించింది. ఒక్క గాటూ తప్పలేదు. మంద ఆమెదే.

చివరి పిల్లను వదిలాక ఆంతె చెమట తుడుచుకుంటూ చెయ్యి చాపాడు.

"ఏదీ, ఆ కత్తి ఒకసారి ఇలా ఇవ్వు."

పట్టుకున్నాడు. బొటనవేలికి బొడిపె అడ్డమొచ్చింది. తిప్పి పట్టుకున్నాడు, ఊహూఁ.

"ఇదేం పిడి అక్కా, నా చేతికి కుదిరి చావట్లేదు!"

మారెత్ కత్తి లాక్కుని ఒరలో దోపుకుంది.

"కుదరదులేరా. నీకో వేలు ఎక్కువైంది."