కదలని బండి మీద కొండదారి

దర్జీ బాబాయ్ చలికాలమంతా కదలని బండి నడిపేవాడు.

దారులు మంచు కింద నిద్రపోయే ఆ నెలల్లో మా మోటారుబళ్ళన్నీ మెకానిక్ షెడ్డులో దుప్పట్లు కప్పుకుని ఉండేవి. మేం పొయ్యి చుట్టూ చేరి ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళం. బాబాయ్ మాత్రం హెల్మెట్ పెట్టుకుని, స్టాండు వేసిన తన బండెక్కి, కొండదారిలో పోతున్నట్టు అటూ ఇటూ వాలేవాడు. మొదటిసారి చూసినప్పుడు నా చేతిలోని టీ గ్లాసు జారిపోయింది.

"ఎందాకా వచ్చావు బాబాయ్?" అనేవాడు మెకానిక్.

"మలుపులో ఉన్నాను. మాట్లాడించకు."

"ఎదురుగా లారీ వస్తోంది, హారన్ కొట్టు!"

"కొట్టాను. నీకే వినపడలేదు."

దానికి తోడు ఈ ఏడాది ఆ తోలు కోటొకటి! అందరికీ అతికినట్టు కుట్టే మనిషి, తనకి మాత్రం చంకల్లో బిగుసుకుపోయేలా, చేతులు మణికట్టుకి బెత్తెడు పైనే ఆగిపోయేలా కుట్టుకున్నాడు.

"తోలు చాల్లేదా బాబాయ్?"

"తోలు చాలింది. చలికి నేనే పెరిగాను."

అందరం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం, మా చెల్లెలు తప్ప. ఆకులు రాలే రోజుల్లో కొండదారి కుడి మలుపులో పడింది తను. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతకలేదు. ప్రాణంలా చూసుకున్న బండిని అమ్మకానికి పెట్టేసింది. కొనే ఆయన ఒక ఆదివారం వస్తానన్నాడు.

ఆ ఆదివారమూ బాబాయ్ ఎప్పటిలాగే బయల్దేరాడు. "కుడి మలుపు!" అని అరిచి, కుడివైపుకి వాలాడు, ఇంకా వాలాడు, ధబ్బుమని సిమెంటు నేల మీద పడ్డాడు.

స్టాండు మీదున్న బండి మీంచి పడ్డ మనిషిని ఎవరైనా చూశారా? మేమింకా నోళ్ళు తెరుచుకుని ఉండగానే చెల్లెలు పరిగెత్తింది.

"అంతలా ఎవరైనా వాలతారా బాబాయ్! మలుపుకి ముందే వేగం తగ్గించాలి. చూపు దారి చివర పెట్టాలి!"

"చెబితే నా బుర్రకెక్కదు తల్లీ. చూపించు," అన్నాడు నేల మీంచే.

చెల్లెలు కోపంగా తన బండి మీది దుప్పటి లాగేసి, ఎక్కి కూర్చుంది. "ఇదిగో, ఇలా!" అంటూ కుడివైపుకి వాలింది. పడలేదు. తనెక్కడ కూర్చుందో అప్పుడు గానీ తెలిసిరాలేదు తనకి. చేతులు మాత్రం హ్యాండిల్ని వదల్లేదు.

బాబాయ్ లేచి, కోటు విప్పి, ఒక్కో చెయ్యీ వదిలించి చెల్లెలికి తొడిగాడు. కోటు చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. భుజాల్లోనూ మోచేతుల దగ్గరా దళసరి మెత్తలు.

"నీ కొలతలే. కొత్త తోలు కదా, వేసుకుని తిరిగితే గానీ మెత్తబడలేదు. ఇక దెబ్బ ఆపుతుందో లేదో, పడి చూడకుండా ఎలా ఇస్తాను?"

చలికాలమంతా మేం నవ్వింది ఈ కోటుని చూసే.

గుమ్మంలో ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఇక్కడేదో బండి అమ్మకానికి ఉందన్నారు..."

చెల్లెలు తల తిప్పలేదు. చూపు దారి చివరే ఉంది.

"మలుపులో ఉన్నానండీ. మాట్లాడించకండి."