యాడ్ బ్లాకర్ మింగిన లచ్చవ్వ వంటలు

2024 వానాకాలం. కరీంనగర్ బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో నా కంప్యూటర్ రిపేరు దుకాణం. ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదనీ, ప్రింటర్ కాగితం నములుతోందనీ వచ్చేవాళ్ళతోనే పొద్దంతా గడిచిపోతుంది. నాకు నోరు కొంచెం దురుసు. సామాను పాడుచేసుకుని వచ్చినవాళ్ళను ముందు నాలుగు మాటలంటాను, తర్వాత బాగుచేసిస్తాను. అయినా మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

సుజాతది దగ్గరలోని చొప్పదండి. టైలరింగ్ చేస్తుంది. తల్లి లచ్చవ్వతో కలిసి ఇంటర్నెట్‌లో వంటల ఛానల్ నడిపేది. లచ్చవ్వ కట్టెల పొయ్యి మీద గంజు పెట్టుకుని సర్వపిండి, మక్క గారెలు, పచ్చిపులుసు చేస్తూ, ఫోన్ పట్టుకున్న కూతుర్ని మధ్యమధ్యలో కడిగేసేది. "నా మొఖం మీద పెడ్తవేందే? గంజు దిక్కు పెట్టు ఫోను!" నిజం చెప్పాలంటే జనం వంట కోసం కాదు, ఆ తిట్ల కోసమే చూసేవారు. నేనూ అందుకే చూసేదాన్ని. ఆ ఏడు ఎండాకాలంలోనే లచ్చవ్వ చనిపోయింది.

సుజాత ల్యాప్‌టాప్‌ను ఎరువుల సంచిలో చుట్టుకుని, తడిసి ముద్దయి వచ్చింది.

"అక్కా, ఛానల్ల అవ్వ లేదు. ఎవడో తెల్లోడు కూసొని ఇంగ్లీషుల ఏందో ఒర్రుతుండు."

తెరిచి చూశాను. ఛానల్ పేరు మారిపోయింది. వాడెవడో డబ్బు రెట్టింపు చేస్తానని లైవ్‌లో వాగుతున్నాడు. లచ్చవ్వ వీడియో ఒక్కటీ కనబడలేదు.

"నీ పాస్‌వర్డ్ ఎవలికన్న చెప్పినవా?"

"అవ్వ మీద ఒట్టక్కా, చెప్పలే. జర జల్ది చూడు. మిషన్ తొక్కుకుంట అవ్వ తిట్లు వినకపోతే నాకు పొద్దు పోతలేదు."

బ్రౌజర్‌లో వెతికితే దొంగ దొరికాడు. అది ఒక యాడ్ బ్లాకర్. అంటే ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్, బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. చాలాకాలం బుద్ధిగానే పనిచేసింది. తయారుచేసినవాడు దాన్ని ఎవరికో అమ్ముకున్నాడు. కొన్నవాళ్ళు అప్‌డేట్ పేరుతో అందులో దొంగ కోడ్ పెట్టారు. మా రిపేరువాళ్ళ గ్రూపులో అప్పటికే దాని మీద గోల నడుస్తోంది.

"ఈ మధ్య ఇది నిన్ను ఏమన్న అడిగిందా?"

"ఒక డబ్బా అచ్చిందక్కా, అంత ఇంగ్లీషే. ఓకే ఒత్తితెనే పోతది గదా అని ఒత్తిన. అన్నిటికి గట్లనే ఒత్తుతం గదా?"

నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. ఏమడిగినా ఓకే కొట్టండి అని జనానికి నేర్పింది మా దుకాణాలవాళ్ళమే కదా! వద్దు అనే బటన్ ఎక్కడుంటుందో మాలో ఎంతమంది చూపించారు?

అంతకుముందు ఆ బ్లాకర్‌కు వీడియోల సైట్ ఒక్కదాని మీదే పర్మిషన్ ఉండేది. కొత్త అప్‌డేట్, నువ్వు తెరిచే ప్రతి సైట్‌నూ చదువుతాను, మారుస్తాను అంది. బ్రౌజర్ పాపం దాన్ని ఆపి సుజాతను అడిగింది కూడా. ఆమె ఓకే అనగానే అది ఆమె మెయిల్ ఖాతా కుకీని ఎత్తుకుపోయింది. ఛానల్‌లోకి దారి అదే. కుకీ అంటే ఎగ్జిబిషన్ గేటు దగ్గర చేతిమీద వేసే ముద్ర లాంటిది. అది ఉన్నవాడిని మళ్ళీ పాస్‌వర్డ్ అడగరు.

ముందు ఆ ఎక్స్‌టెన్షన్‌ను తీసేశాను. నా దుకాణంలోని కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని చోట్లా లాగవుట్ చేయించి, ఫోన్‌కు ఓటీపీ వచ్చేలా పెట్టాను. ఛానల్ వాపసు ఇప్పించమని సైట్‌వాళ్ళకు ఫిర్యాదు పంపాను. పాతదాని బదులు వేరే బ్లాకర్ వేశాను. ఎవరు నడుపుతున్నారో తెలిసినది, కోడ్ అందరికీ కనబడేలా పెట్టినది. అది పేజీలో ఏముందో చదవదు, యాడ్స్ వచ్చే దారిని మాత్రం మూసేస్తుంది. ఛానల్ పనికి బ్రౌజర్‌లోనే వేరే గది లాంటి ప్రొఫైల్, ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా లేనిది, చేసిచ్చాను. పని శుభ్రంగా చేశానని నాకు నేనే మురిసిపోయాను.

కొన్నాళ్ళకు ఛానల్ వాపసు వచ్చింది. సుజాత పరుగున వచ్చింది. పేరుంది, చూసే జనమంతా ఉన్నారు. వీడియోలు మాత్రం ఒక్కటీ లేవు. దొంగలు తుడిచేసినవాటిని తిరిగి తేలేమని సైట్‌వాళ్ళు రాశారు.

"ఫోన్‌ల లేవా?"

"ఫోన్ నిండుతే ఎక్కించుడు, తీసేసుడు. ఛానల్ల ఉన్నయి గదా, యాడికి పోతయనుకున్న."

తుడిచేసినవాటిని వెతికే రికవరీ ప్రోగ్రామ్ ఆమె ఫోన్‌కు పెట్టి చూశాను. ఎవరివో పెళ్ళి ఫొటోలు తేలాయి, కుట్టిన జాకెట్ల ఫొటోలు తేలాయి. లచ్చవ్వ గొంతు ఒక్క ముక్క కూడా దొరకలేదు. నాకు దుఃఖం ఆగలేదు.

"గీ కొత్త బ్లాకర్ మంచిదేనా?" అని అడిగింది సుజాత.

"మంచిదే. నమ్మొచ్చు."

"ఇగ ఏం కాపాడుతదక్కా? లోపల ఏమున్నదని?"

ఏదో ఒకటి అనాలి కదా అని, "ఇగ నువ్వే వండి పెట్టు చెల్లె, జనం చూస్తరు" అన్నాను.

"వండుత. తిట్టుడు ఎవలు తిడ్తరక్కా?" అంది. ల్యాప్‌టాప్‌ను మళ్ళీ ఆ సంచిలోనే చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరు కంప్యూటర్ పట్టుకొచ్చినా, రోగమేమిటో చూడకముందు ఒక్కటే అడుగుతున్నాను. ఇందులో పోతే మళ్ళీ దొరకనిది ఏముంది? కొందరు నవ్వుతారు. కొందరు చిన్నగా, ఫలానా ఫోల్డర్ మేడమ్ అంటారు. ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి వాళ్ళ చేతిలో పెట్టాకే మిగతా పని. బ్లాకర్ మార్చడం ఎంతసేపు, టీ తాగినంతసేపు. లచ్చవ్వ బతికున్నప్పుడు ఈ ప్రశ్న సుజాతను మాలో ఏ ఒక్కరైనా అడిగి ఉంటే, ఆ ముసలామె వీడియోల్లో ఇంకా కూతుర్ని తిడుతూనే ఉండేది.